గోడలోని కన్నము: పూతకు ముందు చేయవలసిన పని

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదికపై నాకు ముందు మాటలాడినవారు విద్వాంసులు. వారు గ్రంథములను గూర్చియు, మన ఆంధ్రదేశములో గ్రంథాలయోద్యమము వ్యాపించిన విధమును గూర్చియు చక్కగా సెలవిచ్చినారు. నేను తాపీ పనివాడను. నా తండ్రియు తాపీ పనివాడే. పగలంతయు పని చేసి, సాయంకాలము ఈ గ్రంథాలయములో ఒక మూల కూర్చుండి, పత్రికలు చదివి, కొన్ని పుస్తకములు తిరుగవేసి, నాలుగు మాటలు నేర్చుకొన్నవాడను. నాకు తెలిసిన సంగతినే చెప్పుమని కార్యదర్శిగారు అనుమతి యిచ్చినారు. నాకు తెలిసినది గోడ. కావున గోడలోని కన్నమును పూతకు ముందు ఎట్లు పూడ్చవలెనో మనవి చేసెదను.

ఇది మిక్కిలి అల్పమైన విషయమని తోచవచ్చును. కాని మనము కూర్చున్న ఈ హాలు ఉత్తరపు గోడకును ఈ విషయమునకును ఒక సంబంధము కలదు. దానిని చివర చెప్పెదను. అంతవరకు ఓపికతో వినవలెనని ప్రార్థన.

గోడలో కన్నము లెట్లు వచ్చును? మొదటిది మేమే చేయునది. గోడ మనిషి ఎత్తు దాటిన పిదప పరంజా కట్టకుండ పని సాగదు. మన ప్రాంతములో సరుగుడు బాదులతోనో వెదురు గడలతోనో పరంజా కట్టుదుము. అడ్డుకర్రల ఒక కొన నిలువు బాదుకు కట్టి, రెండవ కొనను గోడలో విడిచిన ఖాళీలో నిలుపుదుము. పని ముగిసి కర్ర లాగివేసినపుడు అర ఇటుక ప్రమాణము గల కన్నము మిగులును. తొమ్మిది అంగుళముల గోడలో ఒక్కొక్కసారి అది ఈ వైపునుండి ఆ వైపునకు పోవును. రెండవది తరువాత కొట్టినది. కరెంటు గొట్టమునకు, నీటి గొట్టమునకు, కిటికీ పట్టీకి, మేకునకు కొట్టిన రంధ్రము లన్నియు ఈ జాతివి. మూడవది జంతువులు చేయునది. గోడ మొదట పందికొక్కు తవ్విన బొరియ, ఎలుక కొరికిన సందు మన పల్లెలలో ఎవరికి తెలియవు?

పగులు మాత్రము వేరు. మన డెల్టాలో నల్లరేగడి నేల తడిసినపుడు ఉబ్బును, ఎండినపుడు కుదించుకొనును. దానిపై పునాది చాలని గోడ ఏటేట కదలుచుండును. కదలుచున్న పగులును ఎంత నేర్పుతో పూడ్చినను మరుసటి వేసవికి అది మరల నోరు తెరచును. దానికి మందు పునాది వద్ద వెదకవలెను. అట్లే పైకప్పునుండి నీరు కారి వచ్చుచున్న చోట ముందు కప్పును బాగుచేయవలెను. నేను చెప్పబోవునది కదలని గోడలోని కన్నమును గూర్చి మాత్రమే.

పూత వేయునపుడు ఆ మాలునే కన్నములోనికి నెట్టివేసిన చాలదా యని ఇంటి యజమానులు అడుగుదురు. చాలదు. పూత మందము అర అంగుళము, మిట్టపల్లములు గల వైపున ముప్పాతిక అంగుళము. కన్నము లోతు నాలుగంగుళములు, లేక తొమ్మిది. అంత లోతున ఒక్కసారిగా మాలు కూరినచో మూడు నష్టములు కలుగును. మొదట, తడి మాలు తన బరువునకు తానే క్రిందికి జారి పైభాగమున ఖాళీ ఏర్పడును. రెండవది, ఆరునపుడు మాలు కుదించుకొనును. ముద్ద ఎంత పెద్దదైన కుదింపు అంత ఎక్కువ. అంచు చుట్టును వెండ్రుకవాసి చీలిక పడును. మూడవది, చుట్టునున్న ఎండు ఇటుక దాహము గొన్నది. మాలులోని నీటిని అది పీల్చివేయును. నీరు లేనిదే సిమెంటు గట్టిపడదు. కొన్ని నెలల పిదప తాపీ పిడితో తట్టి చూచినచో అచ్చట డొల్ల శబ్దము వినబడును.

ఇంకను తక్కువ పని చేయు మార్గ మొకటి కలదు. కన్నములో చేతికి దొరికిన చెత్త కుక్కి, నోటిపై మాత్రము పూత వేయుట. చూచుటకు గోడ నున్నగా నుండును. లోపల మాత్రము చీకటిగది యొకటి మిగిలిపోవును. ఈ మార్గమును జ్ఞాపకముంచుకొనుడు. మరల దీనివద్దకు వచ్చెదను.

ఇక చేయవలసిన విధము. మొదట కన్నమును పూర్తిగా తెరువవలెను. వదులుగానున్న ఇటుక బెడ్డలను, పాత మాలును ఉలితో తీసివేయవలెను. నోరు ఇరుకుగా, లోపల కొంచెము వెడల్పుగా నుండునట్లు అంచులు చెక్కినచో పూడ్చినది బయటికి ఊడిరాదు. తరువాత కొబ్బరి పీచు కుంచెతో దుమ్మంతయు దులుపవలెను. దుమ్ముపై మాలు అంటదు, దుమ్మునే అంటిపెట్టుకొనును. తరువాత తడుపుట. ముందటి సాయంకాలము ఒకసారి, పని చేయు ఉదయము మరియొకసారి తడుపవలెను. ఇటుక తడిసియుండవలెను గాని పైన నీరు మెరయుచుండరాదు. నీరు నిలిచిన చోట మాలు జారును.

అటుపిమ్మట లోపలి గోడలకు సిమెంటు పాలు పలుచగా పూసి, అవి ఆరకమునుపే మాలు పెట్టవలెను. పూడ్చుటకు ఒక పాలు సిమెంటునకు నాలుగు పాళ్ళు ఇసుక చాలును. మాలు గట్టిగా నుండవలెను. పిడికిట పట్టి నొక్కిన ముద్దగా నిలువవలెను గాని వ్రేళ్ళ సందులనుండి కారరాదు. లోతైన కన్నమునకు మాలు ఒక్కటియే పనికిరాదు. ఇటుకను కొలతకు పగులగొట్టి, నీటిలో నానబెట్టి, వెనుక గోడకు మొదట మాలు పట్టించి, ఇటుక ముక్కను అందులో దిగగొట్టి, నాలుగు ప్రక్కల మాలు నిండునట్లు తాపీ కొనతో కూరవలెను. లోపలినుండి బయటికి రావలెను గాని బయటనుండి లోపలికి పోరాదు. కన్నము ఇటుక ముక్క పట్టనంత చిన్నదైనచో, అర అంగుళము చొప్పున పొరలుగా పెట్టి, ఒక పొర గట్టిపడిన పిదప మరియొక పొర పెట్టవలెను.

పూడ్చినది గోడ ముఖమునకు సమానముగా రానీయరాదు. కొంచెము లోపలనే ఆపి, తాపీ కొనతో గీతలు గీయవలెను. పైన వచ్చు పూతకు ఆ గీతలే పట్టు. తరువాత తడి గోనెపట్టా కప్పి, రెండు మూడు దినములు చెమ్మ ఆరకుండ చూడవలెను. అది కుదించుకొనదలచినంత కుదించుకొన్న పిదపనే పూత వేయవలెను. ఆ పూతను మరల ఏడు దినములకు తక్కువ కాకుండ తడుపవలెను. మన ఊళ్ళలో ఇండ్ల పని వేసవిలోనే ఎక్కువ. వేసవిలోనే కాలువలు కట్టివేయుదురు. కావున కాలువలో నీరుండగనే తొట్లు నింపుకొనుట మంచిది.

ఇసుకను గూర్చియు నీటిని గూర్చియు ఒక్క మాట. గోదావరి ఇసుక మనకు దేవుడిచ్చిన ధనము. అయినను రేవునుండి వచ్చిన ప్రతి బండి ఇసుకయు ఒక్కటి కాదు. గాజు గ్లాసులో సగము ఇసుక పోసి, నీరు నింపి, కలియబెట్టి కొంతసేపు కదలకుండ నుంచుడు. ఇసుక అడుగున దిగును, ఒండు పైన పొరగా నిలుచును. ఆ పొర మందముగా కనబడినచో ఇసుకను కడిగి వాడవలెను. సముద్రతీర గ్రామములవారు సముద్రపు ఇసుకను, ఉప్పునీటి బావిని ఎన్నడును తాకరాదు. ఆ ఉప్పు గోడలో చేరి, వానకాలమున చెమ్మను పీల్చి, ఎండకాలమున తెల్లని పొడియై పైకి పొంగి పూతను పొరలు పొరలుగా రాల్చును.

ఇంతవరకు చెప్పినది సిమెంటు గోడ మాట. సిమెంటు మనకు నిన్నటి వస్తువు. ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్డిన్ అను తాపీ పనివాడు 1824లో పోర్ట్‌లాండ్ సిమెంటునకు పేటెంటు పొందెను. అతడును నావలె తాపీ పట్టినవాడే యని ఇచ్చటనే ఒక పుస్తకములో చదివి సంతోషించితిని. అంతకుముందు మనకు ఆధారము సున్నమే. గుల్లలను బట్టీలో కాల్చి, నీటితో విరియబోసి, ఇసుకతో చేర్చి, ఎద్దు లాగు రాతి చక్రముతో గానుగలో నూరిన సున్నముతో నా తండ్రి చిన్నతనమున పనిచేసెను. నునుపు పూతలకు కరక్కాయ నీరు, బెల్లపు నీరు కలుపు వాడుకయు ఉండెడిది.

సున్నము గట్టిపడు విధము వేరు. అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా గ్రహించి రాయిగా మారును. కావున లోతైన కన్నములో పెద్ద సున్నపు ముద్ద పెట్టినచో పైన గట్టిపడి, లోపల చాలకాలము మెత్తగనే యుండును. ఇది తెలిసియే పూర్వపు మేస్త్రీలు కన్నమును ఇటుక ముక్కలతో నింపి, సున్నమును సందులకు మాత్రము వాడిరి. పొర ఆరిన పిదప పొర వేసిరి. రెండు వేల సంవత్సరముల క్రిందట రోము నగరపు విట్రూవియస్ అను వాస్తుకారుడు తన గ్రంథములో, గోడకు ముతక పూత వేసి, దానిపై ఇసుక పూతలు మూడు, పాలరాతి పొడి పూతలు మూడు వేయవలెనని విధించెను. ఎంత మంచి గోడకైనను ఒక్క పూతతో పని ముగియదని అంతటి దూరదేశములోను గ్రహించియున్నారు.

ఇంత దూరమేల? మన ధవళేశ్వరము చూడుడు. సర్ ఆర్థర్ కాటన్ దొరగారు 1847లో మొదలుపెట్టి 1852లో ముగించిన ఆనకట్ట రాతితోను సున్నముతోను కట్టినది. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా గోదావరికి అడ్డముగా నిలిచి, 1970 తరువాత క్రొత్త బ్యారేజి నిర్మాణము మొదలగువరకును నూరేండ్లకు పైగా వరదలను భరించెను. అంత బరువు మోసినది పైన కనబడు నునుపు కాదు. రాయికిని రాయికిని నడుమ, కంటికి కనబడని చోట, సందు మిగులకుండ నింపిన సున్నమే దానిని నిలిపినది.

ఏటిగట్టు సంగతియు ఇంతే. ఎలుకలు, పీతలు చేసిన బొరియలను గట్టు పైముఖమున మట్టి మెత్తి మూసినచో ప్రయోజనము లేదు. బొరియను కడవరకు తవ్వి తెరచి, మట్టిని పొరలుగా వేసి దిమ్మిసతో కొట్టవలెను. 1986 ఆగస్టులో ధవళేశ్వరము వద్ద 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చిన వరదలో గట్లు తెగి ఊళ్ళు మునిగిన దుఃఖమును చూచినవారు ఈ సభలో నున్నారు. గట్టుపై రాత్రింబవళ్ళు లాంతరులతో తిరిగినవారికి, లోపలినుండి ఊట కనబడినపుడు గుండె యెట్లుండునో నేను చెప్పనక్కరలేదు.

మన ఊరిలో మట్టిగోడలు ఇంకను కొన్ని నిలిచియున్నవి. వానికి ఒక హెచ్చరిక. మట్టిగోడలోని కన్నమును సిమెంటుతో పూడ్చరాదు. మన్ను తడికి ఉబ్బును, ఎండకు తగ్గును. సిమెంటు కదలదు. రెంటికిని పొత్తు కుదరదు. పైగా గోడలోని చెమ్మను బయటికి పోనీయక సిమెంటు లోపలనే బంధించును. గోడ యే మట్టితో కట్టినదో ఆ మట్టినే తెచ్చి, తరిగిన ఎండుగడ్డి కలిపి, నానబెట్టి త్రొక్కి, కన్నము అంచులు తడిపి, కొంచెము కొంచెముగా కూరవలెను. ఒక్కొక్క పొర ఆరినపుడు బీటలు వారును. ఆ బీటలలో తరువాతి పొర దిగును. చివర పేడతో అలికినచో చాలును.

ఇక మొదట చెప్పెదనన్న మాట.

ఈ గ్రంథాలయ భవనమును కట్టిన పనివారిలో నేనొకడను. గ్రామస్థులందరు చందాలు వేసికొని, కొందరు ఇటుక, కొందరు బండ్లు, కొందరు శ్రమ యిచ్చి కట్టుకొన్న భవనమిది. ప్రారంభోత్సవమునకు ముహూర్తము పెట్టినారు. ఆహ్వానములు పంపినారు. ఉత్తరపు గోడకు పూత మిగిలియున్నది. ఆ గోడలో పరంజా కన్నములు ఏడు ఉండెను. నాలుగింటిని ఇప్పుడు చెప్పిన విధముగనే పూడ్చితిని. చీకటి పడెను. మరునాడు పూత వేయకున్న సున్నము కొట్టుటకు వ్యవధి లేదు. మిగిలిన మూడు కన్నములలో ఎండు ఇటుక బెడ్డలు, చించిన సిమెంటు సంచి కాగితము కుక్కి, పైన మాలు మెత్తితిని. ఉదయమున పూత వేసితిని. ఎవరును చూడలేదు. ప్రారంభోత్సవము నాడు గోడ అద్దమువలె నున్నదని పెద్దలు మెచ్చి నాకు కండువా కప్పినారు. ఆ కండువా నేటికిని మా ఇంటిలో నున్నది.

కొన్నేండ్లు ఏమియు కాలేదు. తరువాత ఆ గోడకు ఆనించి పుస్తకముల బీరువా పెట్టినారు. మన ప్రాంతములో తుపాను గాలి వచ్చునపుడు వాన ఆ వైపునుండి గోడను కొట్టును. బయటి పూతలో చీలిక పడి, నీరు లోనికి పోయి, కాగితమును తడిపినది. చెమ్మ, చీకటి, కాగితము మూడును ఒక్కచోట చేరినపుడు చెదలకు వేరే ఆహ్వానము అక్కరలేదు. గోడ లోపలినుండియే మట్టి దారి కట్టుకొని బీరువా వెనుకకు వచ్చినవి. నిరుడు వానలు వెలిసిన పిదప గ్రంథపాలకులు బీరువా జరిపి చూచినపుడు, భారత సంపుటములు రెండు, వ్యవసాయ గ్రంథములు కొన్ని, పాత పత్రికల బైండ్లు నాలుగు అట్టలు మాత్రము మిగిలి లోపల మట్టియై యున్నవి. చెద ఎచ్చటనుండి వచ్చినదో తెలియుట లేదని వారు నన్ను పిలిచినారు. నేను గోడను తట్టితిని. మూడు చోట్ల డొల్ల పలికినది. ఆ మూడు చోట్లును నాకు వెదకనక్కరలేకుండ తెలియును.

ఆ బైండ్లలోనే నేను చదువు నేర్చుకొంటిని.

నాడు వారితో చెప్పలేకపోయితిని. నేల తడి వలన వచ్చియుండునని చెప్పి తప్పించుకొంటిని. ఆ మాటయు ఒక పూతయే. నేడు ఈ సభలో చెప్పుచున్నాను. గ్రంథపాలకులు నన్ను క్షమింతురుగాక.

అచ్చులోనున్న పుస్తకము మరల దొరకవచ్చును. కాని పాత పత్రికల సంపుటము, ఎవరో ఒకరు తమ ఇంట దాచుకొని ఇచ్చిన ప్రతి, పోయినది పోయినదే. రాజమహేంద్రవరములో గౌతమీ గ్రంథాలయమువారు తాళపత్రములను ఇన్నాళ్ళు కాపాడుచు వచ్చుటలో ఎంత జాగ్రత్త కలదో మనము ఊహింపవచ్చును. పుస్తకమును కాపాడునది బీరువా తాళ మొక్కటే కాదు. దాని వెనుకనున్న గోడయు కాపాడవలెను.

రజతోత్సవము ముగిసిన పిదప ఈ భవనమునకు క్రొత్త పూత వేయించి రంగు కొట్టింపవలెనని కార్యవర్గమువారు నిశ్చయించినారు. సంతోషము. అయితే నాదొక మనవి. పూతకు ముందు నాకు పది దినములు వ్యవధి యిండు. బీరువాలన్నింటిని నడుమకు జరిపి, నాలుగు గోడలను అడుగడుగున తట్టి చూచెదను. డొల్ల పలికిన చోటెల్ల సుద్దతో గుండ్రముగా గీసెదను. మొదట చెదపుట్టను మొదలంట తీయించి, మందు వేయించి, తరువాత ఆ కన్నములను పగులగొట్టి, కడవరకు తెరచి, ఇప్పుడు చెప్పిన విధముగ పూడ్చెదను. బయటివైపున చీలికలను కూడ సరిచేసెదను. కూలి పుచ్చుకొనను. ఆ పది దినములు గోడలు గాయములతో వికారముగా నుండును. పాఠకులు దయయుంచి ఓర్చుకొనవలెను.

మరియొక కోరిక. ఆ పని జరుగునపుడు మన యువకులు నలుగురైదుగురు వచ్చి ప్రక్కన నిలువవలెను. తట్టిన శబ్దము వినుట, తడుపుట, ఇటుక ముక్క దిగగొట్టుట వారికి నేర్పెదను. రేపు వారి ఇండ్లు వారు కట్టుకొనునపుడు పనివాడు చీకటి పడిన తరువాత ఏమి చేయుచున్నాడో వారికి తెలియవలెను. పనివారికి నేను చెప్పునదియు ఒకటి కలదు. వ్యవధి చాలనపుడు చాలలేదని యజమానితో చెప్పుడు. పూత ఒకనాడు ఆలస్యమైనదని ఎవరును చిరకాలము కోపగింపరు. యజమానులును ముహూర్తమునకు ముందు పనివానికి ఆ ఒక్క దినము విడువవలెను.

ఇరువదియైదు సంవత్సరముల క్రిందట చేయవలసిన పనిని ముగించుటకు అవకాశము కోరుచు విరమించుచున్నాను.